అప్పగింతలు ప్లే అయితేనే కాపీ అయినట్టు: పెళ్లి డీవీడీలు కాపీ తీసే పద్ధతి

కోనసీమలో ఏ ఇంట్లో బీరువా తెరిచినా చీరల కింద పూతరేకుల అట్టపెట్టె ఒకటి కనిపిస్తుంది. పూతరేకులు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. వాటి స్థానంలో పెళ్లి సీడీలు, ఓణీల ఫంక్షన్ డీవీడీలు, తాతగారి షష్టిపూర్తి డిస్కు చేరి ఉంటాయి. ఇంచుమించు 2000 నుంచి 2015 దాకా మన ఇళ్లలో జరిగిన శుభకార్యాలు ఎక్కువగా ఈ డిస్కుల మీదే ఉన్నాయి. అంతకు ముందువి వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, తర్వాతవి పెన్‌డ్రైవ్‌లు. ఇప్పుడు ఆ డిస్కులు పాడవుతున్నాయి, వాటిని ఆడించే ప్లేయర్లు ఇళ్లలోంచి మాయమవుతున్నాయి. కొత్త ల్యాప్‌టాప్‌లకైతే డిస్కు పెట్టే ట్రేయే ఉండటం లేదు.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, లంకలో ఉన్న మా పిన్ని ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. బీరువా కింది అరలో ఉన్న మా చెల్లి పెళ్లి డీవీడీ ఒండ్రులో కూరుకుపోయింది. "పోతే పోయిందిలే బాబూ, నువ్వు అప్పుడే కాపీ తీసుకున్నావుగా" అంది పిన్ని. నిజమే, తీసుకున్నాను. 2011లో హడావిడిగా 16ఎక్స్ స్పీడులో, అంటే మామూలు వేగానికి 16 రెట్లలో, రైట్ చేసి, మొదటి రెండు నిమిషాలు ఆడించి చూసి డబ్బాలో పెట్టేశాను. ఇప్పుడా కాపీ పెడితే గణపతి పూజ వచ్చింది, జీలకర్ర బెల్లం వచ్చింది, తలంబ్రాల దగ్గర బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోయింది. అప్పగింతలు రాలేదు. మా తాతయ్య చెల్లి చెయ్యి పట్టుకుని మాట్లాడిన నాలుగు మాటలూ ఆ అప్పగింతల్లోనే ఉన్నాయి. ఆయన కదులుతూ, మాట్లాడుతూ కనిపించే వీడియో మా ఇంట్లో అదొక్కటే.

నేను చేసిన తప్పు మీరు చేయకూడదని ఇదంతా రాస్తున్నాను. డీవీడీ మీద రాత లోపలి రంధ్రం దగ్గర మొదలై బయటి అంచు వైపు నిండుతూ పోతుంది. వేలిముద్రలు, గీతలు, చెమ్మ ముందు పట్టేది బయటి అంచునే. డిస్కు వేగంగా రైట్ చేసినప్పుడు తప్పులు ఎక్కువగా పడేదీ అక్కడే. రెండు గంటల పెళ్లి వీడియోలో ఆ అంచున ఉండేవి అప్పగింతలు. కాబట్టి కాపీ బాగా వచ్చిందో లేదో మొదటి సీను చెప్పదు, చివరి సీను చెబుతుంది.

ముందు డిస్కులు వేరు చేయండి

పెట్టెలో ఉన్నవన్నీ మంచం మీద పాత దుప్పటి పరిచి దాని మీద పేర్చండి. ఒక్కొక్కటి అంచులు పట్టుకునే తీయండి. కొబ్బరి నూనె రాసుకున్న చేత్తో అస్సలు ముట్టుకోవద్దు, ఆ జిడ్డు మీదే బూజు పడుతుంది.

డిస్కు మీద 700 ఎంబీ, 80 నిమిషాలు అని ఉంటే సీడీ. 4.7 జీబీ, 120 నిమిషాలు అని ఉంటే డీవీడీ. స్టూడియో వాళ్లు ఫొటో స్టిక్కర్ అతికించి అంకెలు కనబడకపోతే అడుగు వైపు చూడండి. ఇంట్లోనో స్టూడియోలోనో రైట్ చేసిన డీవీడీ అడుగు వంకాయరంగులో ఉంటుంది, సీడీది లేత ఆకుపచ్చగానో నీలంగానో ఉంటుంది. ఫ్యాక్టరీలో అచ్చు వేసినవి తెల్లగా వెండిలా మెరుస్తాయి. పెళ్లి "పార్ట్ 1, పార్ట్ 2, పార్ట్ 3" అని మూడు సీడీలుగా ఉంటే అవి దాదాపుగా వీసీడీలే, అంటే వీడియో నింపిన సీడీలే. వాటిని కాపీ తీసే పద్ధతి వేరు, కింద చెబుతాను.

అరచేతిలో పట్టేంత చిన్న డిస్కులు కూడా దొరకవచ్చు. అవి పాత హ్యాండీక్యామ్‌లో వాడిన 8 సెంటీమీటర్ల మినీ డీవీడీలు, ఒక్కోటి 1.4 జీబీ. ట్రే బయటికి వచ్చే రైటర్‌లో (డిస్కు చదివి, రాసే డ్రైవ్‌ను రైటర్ అంటారు) మధ్యనున్న చిన్న గుంటలో సరిగ్గా కూర్చుంటాయి. సన్నటి సందులోంచి డిస్కును లోపలికి లాక్కునే రకం రైటర్‌లో మాత్రం పెట్టకండి, ఇరుక్కుపోతాయి.

ఏవి ముందు కాపీ తీయాలి? బాగున్నవి కాదు, ఇంకెవరి దగ్గరా లేనివి ముందు తీయాలి. మేనమామ గారింట్లో ఇంకో సెట్టు ఉన్న పెళ్లి వారం రోజులు ఆగగలదు.

రైటర్ ఎలాంటిది కొనాలి

పాత కంప్యూటర్‌లో ట్రే ఉంది కదా అని అది రైటర్ అనుకోకండి. ట్రే మీద ఉన్న గుర్తు చూడండి. డీవీడీ రోమ్ అని ఉంటే చదవడమే తప్ప రాయలేదు. కాంబో డ్రైవ్ అయితే డీవీడీ చదువుతుంది, సీడీ మాత్రమే రాస్తుంది. డీవీడీ ఆర్‌డబ్ల్యూ అనో సూపర్ మల్టీ అనో ఉన్నదే మనకు కావలసింది.

కొత్తది కొనేవాళ్లకు రెండు దారులు. ఒకటి, యూఎస్‌బీ తీగతో తగిలించే పల్చటి ఎక్స్‌టర్నల్ రైటర్. ఎల్‌జీ, ఆసుస్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. ఏ ల్యాప్‌టాప్‌కైనా పనికొస్తుంది, చుట్టాలింటికి సంచీలో పెట్టుకుని వెళ్లొచ్చు. డీవీడీ రాసే వేగం ఇందులో 8ఎక్స్ దాకానే ఉంటుంది, మన పనికి అది చాలు. రెండోది, డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో బిగించే పెద్ద సాటా రైటర్. కంప్యూటర్ లోపల డ్రైవ్‌లను కలిపే తీగ రకాన్ని సాటా అంటారు. ఇది 24ఎక్స్ దాకా వెళ్తుంది. లోపలి భాగాలు కాస్త గట్టివి, గీతలు పడిన డిస్కులను సన్న రైటర్ కంటే ఓపిగ్గా చదవడం నేను చాలాసార్లు చూశాను. ఇంట్లో మూలన పడేసిన పాత డెస్క్‌టాప్ ఉంటే అందులోని రైటర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి. దాన్ని ఊడదీసి, విడిగా 12 వోల్టుల అడాప్టర్ ఉన్న సాటా–యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలుపుకోవచ్చు. 12 వోల్టులు లేని మామూలు హార్డ్‌డిస్క్ కేబుల్‌తో ఈ పెద్ద రైటర్ తిరగదు.

వీలైతే రెండూ దగ్గర పెట్టుకోండి. ఒక రైటర్ చదవలేని చోటును ఇంకోటి చదివేస్తుంది. తాతయ్య మాటలు మాకు తిరిగి దొరికింది అలాగే.

ఎక్స్‌టర్నల్ రైటర్ విషయంలో ఎక్కువ మంది పడే ఇబ్బంది కరెంటు చాలకపోవడం. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు, 3.0 అయితే 900. డిస్కు తిరగడం మొదలైనప్పుడు, లేజర్ రాసేటప్పుడు రైటర్‌కు అంతకంటే ఎక్కువ కావాల్సి రావచ్చు. అప్పుడు టిక్ టిక్ మని చప్పుడు చేసి ఆగిపోతుంది, లేదా సగం రాసి డిస్కు పాడుచేస్తుంది. రైటర్ పాడైందని టెన్షన్ పడి షాపుకు తీసుకెళ్లేముందు, మధ్యలో యూఎస్‌బీ హబ్ ఉంటే తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ పోర్టులో గుచ్చి చూడండి. డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టులో గుచ్చండి. రెండు తలల కేబుల్ ఇచ్చి ఉంటే రెండు తలలూ పెట్టండి.

సెకండ్‌హ్యాండ్ రైటర్ తీసుకుంటుంటే షాపులోనే ఒక డిస్కు చదివించి, ఒక ఖాళీ డిస్కు రాయించి చూసి డబ్బులివ్వండి. చదివే శక్తి, రాసే శక్తి రెండూ వేరు. రాయలేకపోయినా చదివే రైటర్లు చాలానే ఉంటాయి.

ఖాళీ డిస్కులు

డీవీడీ మైనస్ ఆర్, డీవీడీ ప్లస్ ఆర్ అని రెండు రకాలు. ఇప్పటి రైటర్లన్నీ రెండూ రాస్తాయి. టీవీకి పెట్టుకునే పాత ప్లేయర్‌లో ఆడాలంటే మైనస్ ఆర్ తీసుకోండి, పాత ప్లేయర్లు దాన్నే ఎక్కువగా ఒప్పుకుంటాయి. తుడిచి మళ్లీ రాసే ఆర్‌డబ్ల్యూ డిస్కులు దాచుకోవడానికి కాదు, ప్రయోగాలకు మాత్రమే.

4.7 జీబీ అని అచ్చు వేసిన డిస్కులో విండోస్ లెక్క ప్రకారం పట్టేది 4.38 జీబీయే. కంపెనీ వాళ్లు వెయ్యితో లెక్కకడతారు, విండోస్ 1024తో లెక్కకడుతుంది. మీ ఫోల్డర్ 4.5 జీబీ చూపిస్తే అది ఈ డిస్కులో పట్టదు. రెండు పొరల డిస్కు 8.5 జీబీ, అంటే విండోస్‌లో 7.95. అసలు డిస్కు రెండు పొరలదైతే కాపీకీ అదే కొనండి. మిగతా వాటికి ఒక పొరదే మేలు, పొర మారే చోట కొన్ని పాత ప్లేయర్లు తడబడతాయి.

ఒకప్పుడు మన దగ్గర ఏ షాపులో అడిగినా మోజర్ బేర్ డిస్కులు ఇచ్చేవాళ్లు. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌లోకి వెళ్లింది. ఇప్పుడు ఆ పేరుతో దొరికేవి ఏళ్ల తరబడి ఎండలోనూ చెమ్మలోనూ ఉన్న పాత సరుకు కావచ్చు. ఖాళీ డిస్కు కూడా పాతబడుతుంది, లోపల ఉండేది రసాయన రంగు కాబట్టి. ఏ కంపెనీదైనా ముందు ఐదారు డిస్కులు మాత్రం కొనండి. రాసి, సరిచూసి, బాగుంటేనే 50 డిస్కుల డబ్బా తీసుకోండి.

తరతరాలు ఉండాలనుకునే ఒకటి రెండు డిస్కులకు ఎం-డిస్క్ అనే రకం ఉంది. అందులో రసాయన రంగుకు బదులు రాయిలాంటి గట్టి పొర ఉంటుంది. ఖరీదు ఎక్కువ. రాయడానికి రైటర్ మీద ఎం-డిస్క్ గుర్తు ఉండాలి, చదవడానికి మాత్రం మామూలు డ్రైవ్ చాలు.

సాఫ్ట్‌వేర్

విండోస్‌లో నేను వాడేది ఇమ్‌గ్‌బర్న్. పేరులో ఐ, ఎం, జీ అక్షరాల తర్వాత బర్న్ అని ఉంటుంది. ఉచితం. చివరి వెర్షన్ 2.5.8.0 వచ్చింది 2013లో, అయినా ఇప్పటికీ పని చక్కగా చేస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రతి తెర చదవండి. ఇంకేవో ప్రోగ్రాములు కూడా వేయమంటారా అని అడిగితే టిక్ తీసేయండి. అది నచ్చకపోతే సీడీబర్నర్ ఎక్స్‌పీ ఉంది, అదీ ఉచితమే. లైనక్స్ వాడేవాళ్లకు బ్రాసెరో, కే3బీ ఉన్నాయి. డబ్బు పెట్టి కొనాల్సిన పని లేదు.

విండోస్ 7 నుంచి ఇమేజ్ ఫైలును, అంటే డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకున్నదాన్ని, డిస్కు మీద రాసే ఏర్పాటు విండోస్‌లోనే ఉంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే "బర్న్ డిస్క్ ఇమేజ్" అని వస్తుంది. డిస్కు నుంచి ఇమేజ్ తీయడం మాత్రం దానికి రాదు. అందుకే వేరే సాఫ్ట్‌వేర్ కావాలి.

ఇంకో మాట. ఇదంతా మన ఇంటి వీడియోల కోసమే. డబ్బిచ్చి తీయించుకున్న వీడియోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. కాబట్టి మీ పెళ్లి కాపీ తీసుకోవడానికి స్టూడియో వాళ్లను అడగాలేమో అని సందేహపడకండి. సినిమా డీవీడీల సంగతి వేరు. వాటికి సీఎస్‌ఎస్ అనే తాళం ఉంటుంది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి తాళాలు తప్పించడం 2012లో చట్టానికి చేర్చిన 65ఏ సెక్షన్ కింద నేరం. ఆ జోలికి వెళ్లొద్దు.

ముందు ఇమేజ్ తీయండి, తర్వాతే రాయండి

డిస్కు నుంచి నేరుగా డిస్కుకు కాపీ చేసే మీట చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. దాన్ని వాడకండి. ముందు డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా హార్డ్‌డిస్క్‌లోకి దించుకోవాలి. ఆ ఫైలును ఐఎస్‌ఓ ఇమేజ్ అంటారు. అది ఒక్కసారి చేతికొచ్చాక ఎన్ని కాపీలైనా రాసుకోవచ్చు, పాత డిస్కును మళ్లీ మళ్లీ తిప్పాల్సిన పని ఉండదు.

డిస్కు శుభ్రం చేయండి. మెత్తటి, ఉతికిన నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, చక్రంలా గుండ్రంగా తుడవకూడదు. తిన్నగా పడిన సన్న గీతను రైటర్ సర్దుకోగలదు. గుండ్రంగా పడిన గీత రాత వరసల వెంబడే సాగి వరసగా చాలా భాగాన్ని మింగేస్తుంది. సీడీ అయితే పై వైపు, అంటే పేరు రాసిన వైపు, ఇంకా జాగ్రత్త. సీడీలో రాత ఉండే పొర ఆ పెయింటు కిందే ఉంటుంది, గోరు గీసుకున్నా ఊడిపోతుంది. డీవీడీలో రాత 0.6 మిల్లీమీటర్ల రెండు ప్లాస్టిక్ పలకల మధ్యలో దాగి ఉంటుంది కాబట్టి కొంత నయం.

ఇమ్‌గ్‌బర్న్ తెరిచి "క్రియేట్ ఇమేజ్ ఫైల్ ఫ్రమ్ డిస్క్" నొక్కండి. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు "డిస్కు 1" అని కాకుండా ఎవరి పెళ్లో, ఏ ఏడాదో, ఏ ఊరో పెట్టండి. చదివే వేగం 4ఎక్స్ పెట్టండి. పాత డిస్కును వేగంగా తిప్పితే ఊగి, చదవగలిగిన చోటు కూడా వదిలేస్తుంది. మధ్యలో ఎర్రర్ వస్తే రిట్రై నొక్కి చూడండి. అయినా రాకపోతే ఆపి, డిస్కు మళ్లీ తుడిచి, రెండో రైటర్‌లో పెట్టండి.

వీసీడీకి ఐఎస్‌ఓ పనికిరాదు. అందులో వీడియో రాసిన తీరు మామూలు ఫైళ్ల తీరు కాదు. ఇమ్‌గ్‌బర్న్ దానంతటదే బిన్, క్యూ అని రెండు ఫైళ్లు తీస్తుంది, రెండూ దాచండి. వీడియో మాత్రం చాలనుకుంటే డిస్కులో ఎంపెగ్ ఏవీ అనే ఫోల్డర్‌లో ఉన్న డీఏటీ (.dat) ఫైలును కాపీ చేసుకుంటే వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో ఆడుతుంది.

హ్యాండీక్యామ్ మినీ డీవీడీ పెడితే ఖాళీగా కనిపించవచ్చు. డిస్కును ఫైనలైజ్ చేయలేదన్నమాట, అంటే వేరే యంత్రాలు చదివేలా రికార్డింగును ముగించలేదు. ఆ క్యామెరా ఇంకా పనిచేస్తుంటే అందులోనే ఫైనలైజ్ చేయండి. లేకపోతే ఐసోబస్టర్ అనే సాఫ్ట్‌వేర్ అలాంటి డిస్కుల లోపల ఉన్నది చూపిస్తుంది.

ఇక ఒండ్రులో మునిగిన డిస్కు. మట్టి ఎండిపోయి ఉంటే పొడి గుడ్డతో రుద్దకండి, ప్రతి ఇసుక రేణువూ గీత పెడుతుంది. నేను స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, మా చెల్లి పెళ్లి డిస్కును అందులో ఉంచాను. పావుగంటకు నీళ్లు గోదావరి కొత్త నీరులా ఎర్రబడ్డాయి. వేలితో ముట్టకుండా పళ్లెం మెల్లగా కదిపి, నీళ్లు మార్చి, మళ్లీ ఉంచాను. నాలుగోసారికి నీళ్లు తేటగా మిగిలాయి. చివరగా ఫిల్టర్ నీళ్లతో కడిగి, పాత పంచె ముక్కతో నీళ్లను అద్ది తీసి, నీడలో నిలబెట్టి ఒక రాత్రంతా ఆరనిచ్చాను. ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయ్యర్ పట్టకూడదు. వెలుగుకు ఎత్తి చూస్తే బయటి అంచున ఒకచోట బియ్యపు గింజంత తెల్లటి మసక కనిపించింది. నీరు రెండు పలకల మధ్యకు దూరిన గుర్తు అది. అది లోపలికి పాకేలోపే ఇమేజ్ తీసేయాలి.

అలాంటి డిస్కులకు లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం ఉంది. ఉబుంటు అనే లైనక్స్ రకాన్ని పెన్‌డ్రైవ్ మీద వేసుకుని, కంప్యూటర్‌ను దాని నుంచి స్టార్ట్ చేసి వాడుకోవచ్చు. దాని పద్ధతి ఇది: మొదటి విడతలో తేలిగ్గా వచ్చేదంతా తీసుకుంటుంది, మొండికేసిన చోట ఆగకుండా ముందుకెళ్తుంది, ఆ తర్వాత వెనక్కి వచ్చి మొండి చోట్లను ఒక్కొక్కటే తవ్వుతుంది. ఏది దొరికింది, ఏది దొరకలేదు అని ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఆ మ్యాప్ ఫైలు పేరు ఇవ్వడం మరిచిపోకండి. అది ఉంటేనే మధ్యలో ఆపి, డిస్కును ఇంకో రైటర్‌లో పెట్టి, మిగిలిన ముక్కలు మాత్రమే చదివించగలం. నేను ఎక్స్‌టర్నల్ రైటర్‌లో ఒక రాత్రి, పాత డెస్క్‌టాప్ రైటర్‌లో ఇంకో రాత్రి తిప్పాను. రెండో రోజు తెల్లవారాక చూస్తే కొన్ని చిన్న ముక్కలు తప్ప అంతా వచ్చేసింది. అప్పగింతల్లో ఒకచోట బొమ్మ అరక్షణం గళ్లు పడుతుంది. తాతయ్య మాటలు నాలుగూ వినబడతాయి.

ఇమేజ్ తీశాక దాన్ని వెంటనే చూడండి. విండోస్ 10లో ఐఎస్‌ఓ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే డిస్కు పెట్టినట్టే తెరుచుకుంటుంది. వీఎల్‌సీతోనైతే ఫైలును నేరుగా ఆడించవచ్చు. చివరి పది నిమిషాలు చూడండి.

రాయడం

ల్యాప్‌టాప్ అయితే బల్ల మీద పెట్టండి, మంచం మీదో ఒళ్లోనో వద్దు. చార్జర్ గుచ్చి, బ్యాటరీ కూడా నిండుగా ఉండాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. వేసవి మధ్యాహ్నం కరెంటు ఒక్క క్షణం పోయినా రాస్తున్న డిస్కు పనికిరాకుండా పోతుంది. ఆ పది నిమిషాలు యూట్యూబ్, డౌన్‌లోడ్లు ఆపేయండి.

ఇమ్‌గ్‌బర్న్‌లో "రైట్ ఇమేజ్ ఫైల్ టు డిస్క్" ఎంచుకుని, ఐఎస్‌ఓ ఫైలు చూపించండి. వెరిఫై అని ఉన్న చోట టిక్ ఉండాలి. ఈ టిక్ ఉంటే రాసిన తర్వాత డిస్కును మొదటి నుంచి చివరి దాకా చదివి ఇమేజ్‌తో పోల్చి చూస్తుంది. సమయం రెట్టింపవుతుంది, అవనివ్వండి. 2011లో నేను పెట్టని టిక్ ఇదే.

వేగం ఎంత పెట్టాలి? 16ఎక్స్ అని అచ్చు వేసిన డిస్కుకు 8ఎక్స్ పెట్టండి. డీవీడీలో 1ఎక్స్ అంటే సెకనుకు సుమారు 1.385 ఎంబీ, ఆ లెక్కన 8ఎక్స్‌లో నిండు డిస్కు 8 నుంచి 10 నిమిషాల్లో అయిపోతుంది. ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిదని కొందరు 1ఎక్స్, 2ఎక్స్ వెతుకుతారు. ఇప్పటి డిస్కుల రంగు అంత నెమ్మది రాతకు తయారైంది కాదు, రైటర్లు కూడా ఒప్పుకోవు. సగం వేగం చాలు.

ఫోనులోని ఎంపీ4 వీడియోలు టీవీ ప్లేయర్‌లో ఆడాలంటే వాటిని ఊరికే డిస్కులోకి లాగితే కుదరదు. అది డేటా డిస్కు అవుతుంది, కంప్యూటర్‌లోనే ఆడుతుంది. ప్లేయర్‌కు వీడియో టీఎస్ అనే ఫోల్డర్, అందులో వీఓబీ ఫైళ్లు కావాలి. డీవీడీ స్టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ మార్పు చేసి పెడుతుంది. అందులో టీవీ పద్ధతి పాల్ (PAL) అని ఎంచుకోండి, మన దేశంలో వాడేది అదే.

విండోస్‌లో ఖాళీ డిస్కు పెట్టగానే "యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగానా, సీడీ డీవీడీ ప్లేయర్‌తోనా" అని అడిగే పెట్టె వస్తుంది. ఇమేజ్ రాసేటప్పుడు దాన్ని మూసేయండి. అందులో మొదటిది నొక్కితే డిస్కును ఇంకోలా ఫార్మాట్ చేసేస్తుంది.

చివరి సీను

వెరిఫై బాగానే వచ్చినా ఆ పరీక్ష చేసింది రాసిన రైటరే. తను రాసింది తను చదువుకోవడం ఒక పరీక్ష, ఇంకొకరు చదవగలగడం మరో పరీక్ష. కాబట్టి డిస్కును వేరే కంప్యూటర్‌లోనో టీవీ ప్లేయర్‌లోనో పెట్టి, రిమోట్‌తో నేరుగా చివరికి వెళ్లి అప్పగింతలు చూడండి. అక్కడ బొమ్మ, మాట తడబడకుండా వస్తే ఇటు తలంబ్రాలు, మధ్యలో భోజనాలు ఒక్కో నిమిషం చూసి ఆపేయొచ్చు. చివర తడబడితే ఆ డిస్కు పక్కన పడేసి, వేగం తగ్గించి ఇంకోటి రాయండి. పాత డిస్కు మాత్రం ఎప్పటికీ పారేయకండి. ఇప్పుడు చదవలేని ముక్కను రేపు ఇంకో రైటర్ చదవవచ్చు.

దాచడం

డిస్కు మీద బాల్ పెన్నుతో రాయకండి. సీడీలు, డీవీడీలకని అమ్మే మెత్తని మొన మార్కర్‌తో, మధ్య రంధ్రం చుట్టూ ఉన్న ఖాళీ వలయంలో రాయండి. కాగితం స్టిక్కర్లు అతికించొద్దు. చెమ్మకు ఒక పక్క ఉబ్బి డిస్కు బరువు తప్పుతుంది, తిరిగేటప్పుడు ఊగుతుంది.

డిస్కులు ఎక్కువ కాలం ఉండాలంటే గాలిలో తేమ 20 నుంచి 50 శాతం మధ్య ఉండాలని చెబుతారు. వానాకాలంలో మన డెల్టాలో ఆ అంకెలు ఎక్కడివి? చెమ్మకు సీడీలు నిజంగానే బూజుకు ఆహారమవుతాయి. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశం నుంచి తెచ్చిన ఒక సీడీని బూజు తినేసిందని 2001లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అదీ మనలాగే వేడి, తేమ కలిసిన చోటే. అందుకని పలచటి ప్లాస్టిక్ పౌచ్‌లలో ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, గట్టి కేసుల్లో పుస్తకాల్లా నిలబెట్టి, మూత బిగుతుగా పట్టే డబ్బాలో పెట్టండి. కొత్త చెప్పులు, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేయండి. పూతరేకుల అట్టపెట్టె వద్దు, అట్ట చెమ్మను పీల్చి దాచుకుంటుంది.

డబ్బా బీరువా పై అరలో ఉండాలి. లంకల్లో, గట్టు పక్కన ఉండేవాళ్లకు అదీ చాలదు. రెండో కాపీ నీళ్లు రాని ఊళ్లో ఉన్నవాళ్లకు ఇవ్వండి, హైదరాబాద్‌లో కొడుకో విశాఖలో ఆడపడుచో ఎవరో ఒకరు ఉంటారు. ఐఎస్‌ఓ ఫైళ్లు విడిగా ఒక హార్డ్‌డిస్క్‌లో పెట్టండి. ఫోనులో చూసుకోవడానికైతే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4 చేసి కుటుంబం గ్రూపులో పంచండి. అసలు ఇమేజ్‌ను మాత్రం చెరపకండి, ఎంపీ4లోకి మార్చినప్పుడు బొమ్మ నాణ్యత కొంత తగ్గుతుంది.

డబ్బా మూత లోపలి వైపు ఒక కాగితం అంటించి రాసిన తేదీ, వేగం, డిస్కు కంపెనీ వేయండి. రెండేళ్లకోసారి, సంక్రాంతికి అందరూ ఇంటికొచ్చినప్పుడు, ఒక్కో డిస్కు పెట్టి చివరి పది నిమిషాలు ఆడించండి. ఏ డిస్కు తడబడినా అదే రోజు ఐఎస్‌ఓ నుంచి కొత్తది రాసి, ఆ కాగితం మీద కొత్త తేదీ వేయండి.